డిక్రీ వచ్చింది, డబ్బు రాలేదు: ఇప్పుడేం చేయాలి?

నమస్తే తమ్ముడూ. మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. పరకాల దగ్గర మీ ఊళ్ళో ఎరువుల దుకాణం నడిపే ఆయనకు మీ నాన్నగారు ప్రామిసరీ నోటు మీద 4 లక్షలు అప్పిచ్చారు. తిరిగి ఇవ్వకపోతే కేసు వేశారు. వడ్డీ, ఖర్చులతో సహా కట్టాలని 2022 మార్చిలో డిక్రీ, అంటే కోర్టు తీర్పు ప్రకారం ఇచ్చే ఆదేశం, అయింది. ఇప్పటికీ రూపాయి రాలేదు. అడిగితే "ఆ కాగితం ఫ్రేము కట్టించి గోడకు తగిలించుకోండి" అంటున్నాడు. పోలీసుల దగ్గరికి వెళ్తే సివిల్ మ్యాటర్ అని పంపించేశారు. ఇంకొకటి, హసన్‌పర్తి దగ్గర మీ బాబాయి ప్లాటు. అందులోకి రావద్దని పక్కాయన మీద శాశ్వత ఇంజంక్షన్ డిక్రీ ఉంది, అయినా ఆయన గోడ కట్టేశాడు. కోర్టు ధిక్కారం కేసు వేయొచ్చా, అరెస్టు చేయించొచ్చా, కోర్టు తన ఆర్డరును తానే ఎందుకు అమలు చేయదు అని అడిగారు.

నేను హనుమకొండ కోర్టుల్లో ఇరవై ఎనిమిదేళ్ళుగా వకీలుగా పనిచేస్తున్నాను. నా పనిలో సగానికి పైగా ఈపీలే, అంటే ఎగ్జిక్యూషన్ పిటిషన్లే. మీలాంటి వాళ్ళు డిక్రీ కాపీ ప్లాస్టిక్ కవర్లో భద్రంగా పెట్టుకొని వస్తారు. ఆ ముఖాల్లో కనిపించే ప్రశ్న ఒకటే: గెలిచాం కదా, మళ్ళీ ఎందుకు తిరగాలి? ఆ ప్రశ్న న్యాయమైనదే.

చివరి ప్రశ్నతో మొదలుపెడతాను. తీర్పు ఇచ్చాక సివిల్ కోర్టు తనంతట తాను కదలదు. ఆయన కట్టాడా లేదా అని అడగదు. మీరు వెళ్ళి ఈపీ వేస్తేనే ఆ ఫైలు మళ్ళీ తెరుచుకుంటుంది. వేసినప్పుడు కూడా "నా డబ్బు ఇప్పించండి" అంటే సరిపోదు. ఏ ఆస్తి మీద, ఏ పద్ధతిలో వసూలు చేయాలో మీరే రాసి చూపించాలి. సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 51లో పద్ధతులన్నీ ఉన్నాయి: ఆస్తి స్వాధీనం చేయడం, జప్తు చేసి అమ్మడం, మనిషిని సివిల్ జైల్లో ఉంచడం, ఆస్తిని చూసుకోవడానికి కోర్టు తరఫున రిసీవర్‌ను పెట్టడం. వీటిని నడిపే విధానమంతా అదే కోడ్‌లోని ఆర్డర్ 21లో ఉంది. కోర్టుకు చేతులున్నాయి, కళ్ళు మాత్రం మీరే. నా దగ్గరికి వచ్చిన ఈపీల్లో కుంటుపడినవి ఎక్కువగా చట్టం లేక కుంటుపడలేదు. అవతలివాడి ఆస్తి ఎక్కడుందో ఎవరూ చెప్పలేక కుంటుపడ్డాయి.

గడువు సంగతి ముందే చెప్తాను, ఎందుకంటే దాన్ని తలచుకుంటే ఇప్పటికీ నాకు బాధే. డబ్బు డిక్రీకి పన్నెండేళ్ళు గడువు. మీది 2022 మార్చిది కాబట్టి 2034 మార్చి వరకు ఉంది. చాలా టైముంది కదా అనుకోకండి. నేను ప్రాక్టీసులో చేరిన కొత్తలో నర్సంపేట వైపు నుంచి ఒక పెద్దమనిషి వచ్చాడు. డిక్రీ ట్రంకుపెట్టెలో దాచాడు. కూతురి పెళ్ళికి పనికొస్తుందని, వడ్డీ పెరుగుతుందని అనుకున్నాడు. తేదీ చూస్తే పన్నెండేళ్ళు దాటి నాలుగు నెలలైంది. ఆయన అడిగిన మాట నాకు గుర్తుంది: "సారూ, కోర్టు సంతకం కూడా పాతబడతదా?" నేను చేయగలిగింది ఏమీ లేకపోయింది. దయచేసి ఈ నెలలోనే కదలండి. మీ డిక్రీ అయి రెండేళ్ళు దాటింది కాబట్టి ఈపీ వేయగానే కోర్టు ముందు ఆయనకు నోటీసు ఇస్తుంది. అక్కడే రెండు మూడు వాయిదాలు పోతాయి. పైగా డిక్రీ తర్వాతి వడ్డీ మామూలుగా ఏడాదికి 6 శాతమే. 4 లక్షల అసలుకు 24,000. ఆయన వ్యాపారంలో ఆ డబ్బు అంతకంటే ఎక్కువే సంపాదిస్తుంది. అందుకే ఆలస్యం ఆయనకే లాభం.

అప్పీలు వేశానని ఆయన ఊళ్ళో చెప్పుకుంటున్నాడని రాశారు. అప్పీలు వేసినంత మాత్రాన డిక్రీ ఆగదు. పై కోర్టు స్టే ఇస్తేనే ఆగుతుంది, డబ్బు డిక్రీలకు స్టే ఇచ్చేటప్పుడు ఎంతో కొంత డిపాజిట్ చేయమని కోర్టులు సాధారణంగా అడుగుతాయి. స్టే కాపీ చూపించమనండి. ఈ-కోర్ట్స్ యాప్‌లో ఆయన పేరు కొట్టి మీరే చూసుకోవచ్చు కూడా.

ఇక ఆయన ఆస్తులు. మీరు రాసినవాటిని ఒక్కొక్కటిగా చూద్దాం.

దుకాణం: అందులోని స్టాకు జప్తు చేయించొచ్చు. అమీన్, అంటే కోర్టు ఆర్డర్లు అమలు చేసే ఉద్యోగి, వెళ్ళి జాబితా రాసి స్వాధీనం చేసుకుంటాడు. కానీ ఎరువుల బస్తాలు ఎక్కడ దాచాలి, గోదాము కిరాయి ఎవరు కట్టాలి అనే తలనొప్పి ఉంటుంది. దానికంటే ఆయనకు రావలసిన డబ్బు మీద కన్నేయండి. మన దగ్గర ఇలాంటి దుకాణాలవాళ్ళు వానాకాలంలో రైతులకు అప్పు మీద విత్తనాలు, మందులు ఇస్తారు, పంట చేతికొచ్చాక పత్తో మిర్చో తీసుకొని ఎనుమాముల మార్కెట్లో అమ్ముకుంటారు. మీ వాడు కూడా అలా చేస్తుంటే, సరుకు అమ్మిన డబ్బు కొన్ని రోజులు అడ్తి (మార్కెట్లో కమీషన్ వ్యాపారి) దగ్గర ఉంటుంది. ఆ డబ్బును అడ్తి ఆయనకు ఇవ్వకుండా కోర్టులో కట్టేలా ఆర్డరు తేవచ్చు. దీన్నే గార్నిషీ అంటారు. బ్యాంకు ఖాతాకూ ఇదే దారి. పాత చెక్కులు, ఫోన్‌పే రసీదులు వెతకండి, ఏ బ్యాంకో, ఏ బ్రాంచో తెలుస్తుంది. ఈ ఒక్క వివరం సంపాదించిన క్లయింట్లు ఆరు నెలల్లో బయటపడటం నేను చూశాను. అది సంపాదించలేని వాళ్ళు ఆరేళ్ళు తిరిగారు.

మూడెకరాల పొలం: జప్తుకు వస్తుంది. ముందు భూభారతి పోర్టల్‌లో భూమి రికార్డు చూసి పట్టా ఎవరి పేరున ఉందో, అది అసైన్డ్ (ప్రభుత్వం పేదలకు ఇచ్చిన) భూమో కాదో నిర్ధారించుకోండి. అసైన్డ్ అయితే కోర్టు వేలంలో కూడా చేతులు మారదు, దాని మీద ఖర్చు పెట్టకండి. మీ పరకాల వైపు ఈ సమస్య లేదు గానీ, ములుగు, ఏటూరునాగారం ఏజెన్సీలో భూములకు 1 ఆఫ్ 70 అనే గిరిజన భూముల చట్టం అడ్డం వస్తుంది, అక్కడ గిరిజనేతరులకు బదిలీ కుదరదు. జప్తు ఆర్డరు వచ్చాక చాలామంది చేసే తప్పు ఒకటుంది. అమీన్ ఊళ్ళో డప్పు కొట్టించి, పొలం దగ్గర, కోర్టులో నోటీసు అంటించాడు కదా, అయిపోయింది అనుకుంటారు. ఇప్పుడు వ్యవసాయ భూమి రిజిస్ట్రేషన్ తహసీల్దార్ ఆఫీసులోనే జరుగుతుంది. అక్కడికి ఆ ఆర్డరు చేరకపోతే ఆయన స్లాట్ బుక్ చేసుకొని అమ్మేస్తాడు. జప్తు తర్వాతి అమ్మకం మీ డిక్రీ ముందు చెల్లదు, నిజమే. కానీ కొన్నవాడు వచ్చి నిలబడితే మళ్ళీ ఒక పిటిషన్, మళ్ళీ సాక్షులు. ఆర్డరు కాపీని మీరే తీసుకెళ్ళి ఇచ్చి, ముద్ర వేయించుకొని రండి.

ఇల్లు: ఆయన దాన్ని "రైతు ఇల్లు, జప్తుకు రాదు" అంటాడు. వ్యవసాయమే జీవనంగా ఉన్న రైతు తాను ఉంటున్న ఇంటిని జప్తు నుంచి సెక్షన్ 60 కాపాడుతుంది. అదే సెక్షన్ దున్నే ఎడ్లను, పనిముట్లను, విత్తనాలను, ఒంటి మీది బట్టలను, వంటపాత్రలను, ఆడవాళ్ళ పుస్తెలను కూడా కాపాడుతుంది. ఈ రక్షణ ఉండాల్సిందే అని నేను గట్టిగా నమ్ముతాను. అప్పు కోసం ఒకడి పొయ్యి ఆర్పే హక్కు ఎవరికీ లేదు. కానీ మీ వాడి బతుకుతెరువు ఎరువుల వ్యాపారం. మూడెకరాలు కౌలుకిచ్చాడని మీరే రాశారు. ఆ కౌలు సంగతి, దుకాణం లైసెన్సు, జీఎస్టీ నంబరు చూపిస్తే ఆ మాట నిలబడటం కష్టం.

ఆ ఇల్లు రెండేళ్ళ కింద భార్య పేరుకు గిఫ్ట్ డీడ్ చేశాడంటున్నారు. అంటే డిక్రీ తర్వాత. అప్పిచ్చినవాళ్ళకు ఎగ్గొట్టడానికి చేసిన బదిలీని ఆస్తి బదలాయింపు చట్టం సెక్షన్ 53 కింద ప్రశ్నించొచ్చు. ఇల్లు జప్తుకు పెట్టండి. ఇల్లు నాదంటూ భార్య క్లెయిమ్ పిటిషన్ వేస్తుంది. ఇది అప్పు ఎగ్గొట్టడానికి పుట్టిన కాగితమని అందులోనే వాదించాలి. తేదీలు మీ వైపు ఉన్నాయి. అయినా ఆ బదిలీని విడిగా దావాలో ప్రశ్నించాల్సి వస్తే గడువు తక్కువ, మీకు విషయం తెలిసిన రోజు నుంచి లెక్క మొదలవుతుంది. దీన్ని మాత్రం వాయిదా వేయొద్దు.

భూపాలపల్లి సింగరేణిలో కొడుకు ఉద్యోగం: దాన్ని ముట్టుకోలేరు. అప్పు తండ్రిది, జీతం కొడుకుది. రేపు తండ్రి పోయినా, తండ్రి నుంచి కొడుక్కి వచ్చిన ఆస్తి మేరకే బాధ్యత. బాకీ ఉన్నవాడే ఉద్యోగి అయితే లెక్క వేరు: జప్తుకు లెక్కించే జీతంలో మొదటి 1000 వదిలి, మిగతాదాంట్లో మూడింట రెండొంతులు కూడా వదిలి, ఒక వంతు పట్టుకుంటారు. 31,000 అయితే నెలకు 10,000. ఒక డిక్రీకి 24 నెలల కంటే ఎక్కువ పట్టరు. పీఎఫ్, గ్రాట్యుటీ, ప్రభుత్వ పెన్షన్ జోలికి పోకూడదు. జీతం పంచే ఆఫీసరుకు కోర్టు నేరుగా రాస్తుంది కాబట్టి ఉద్యోగుల మీద డిక్రీ ఉన్నవాళ్ళకు ఇదే అన్నిటికంటే సాఫీ దారి.

ఇవన్నీ మీకు తెలిసిన ఆస్తులు. తెలియనివాటి కోసం ఆర్డర్ 21 రూల్ 41 ఉంది. దీన్ని మన వకీళ్ళు ఎందుకు ఇంత తక్కువగా వాడతారో నాకు ఎప్పటికీ అర్థం కాదు. "నీ ఆస్తులన్నీ ప్రమాణపత్రం మీద రాసివ్వు" అని కోర్టు బాకీదారును ఆదేశిస్తుంది. బ్యాంకు ఖాతాలు, ప్లాట్లు, బండ్లు, రావలసిన అప్పులు, అన్నీ. రాయకపోతే ఆ ఒక్క కారణానికే మూడు నెలల వరకు సివిల్ జైలు వేయొచ్చు. తప్పు రాసి, తర్వాత దొరికిపోతే ఆయన మాటకు కోర్టులో విలువ పోతుంది. ఈ పిటిషన్ వేసిన తర్వాత, ప్రమాణపత్రం ఇవ్వాల్సిన వాయిదాకు ముందురోజు రాత్రి ఫోన్ చేసి "కూర్చొని మాట్లాడుకుందాం" అన్నవాళ్ళు నా కేసుల్లో చాలామందే ఉన్నారు.

వేలం గురించి ఒక మాట. మన ఊళ్ళల్లో పొలం వేలానికి పెడితే పాట పాడేవాడు దొరకడు. ఊరివాడి భూమి కోర్టు వేలంలో కొని, రేపు అదే గట్టు మీద ఆయన ముఖం ఎట్లా చూడాలి అనుకుంటారు. బయటివాళ్ళు కొందామన్నా కబ్జా, అంటే భూమి స్వాధీనం, దొరకదని భయం. అలాంటప్పుడు కోర్టు అనుమతి తీసుకొని మీరే పాట పాడొచ్చు, రావలసిన బాకీని పాట సొమ్ములో సర్దుకోవచ్చు. బయటివాడు పాడితే పావు వంతు అప్పటికప్పుడు కట్టాలి, మిగతాది పదిహేను రోజుల్లో. ఆ గడువు తప్పితే అమ్మకం చెల్లదు. బాకీకి ఎంత భూమి సరిపోతుందో అంతే అమ్మాలి అన్నది గుర్తుంచుకోండి. చిన్న బాకీకి పదెకరాలు మొత్తం అమ్మిన వేలాన్ని, మన తెలుగు నేల నుంచే వెళ్ళిన కేసులో, 1989లో సుప్రీంకోర్టు కొట్టేసింది. మీ లెక్కకు ఎకరం సరిపోతే మూడెకరాలూ రాయకండి. దురాశతో రాసిన ఆస్తుల షెడ్యూలు (జాబితా) వల్ల గెలిచిన వేలం పోగొట్టుకున్నవాళ్ళున్నారు. వేలమయ్యాక కూడా అరవై రోజుల్లో బాకీ మొత్తం, కొన్నవాడికి పాట సొమ్ములో 5 శాతం అదనంగా కట్టి భూమిని విడిపించుకునే అవకాశం ఆయనకు ఉంటుంది. చాలా బాకీలు నిజానికి ఆ అరవై రోజుల్లోనే వసూలవుతాయి. అమ్ముడుపోయిన భూమిని చూశాక చుట్టాలు డబ్బు సర్దుతారు.

అరెస్టు సంగతి. "సార్, వాణ్ణి లోపలేయించండి, వాడే కడతాడు" అని అందరూ అడుగుతారు. సివిల్ జైలు ఉంది, నిజమే. 5000 దాటిన డిక్రీకి గరిష్ఠంగా మూడు నెలలు. కానీ ముందు నోటీసు ఇచ్చి, ఎందుకు పంపకూడదో చెప్పుకునే అవకాశం ఆయనకు ఇవ్వాలి. కట్టే స్తోమత ఉండి కూడా కట్టడం లేదని, లేదా ఆస్తులు దాచాడని, పారిపోయేలా ఉన్నాడని మీరు నిరూపించాలి. 1980లో జస్టిస్ కృష్ణయ్యర్ ఇచ్చిన సుప్రీంకోర్టు తీర్పు దీనికి పునాది. కట్టలేకపోవడం నేరం కాదు, కట్టగలిగీ మొండికేయడమే తప్పు అని ఆ తీర్పు సారం. డబ్బు డిక్రీలో ఆడవాళ్ళను అసలు అరెస్టు చేయకూడదు. పొద్దుగూకాక, తెల్లవారకముందు ఇంట్లోకి వెళ్ళకూడదు. జైల్లో ఉన్నన్నాళ్ళూ ఆయన తిండి ఖర్చు మీరే కట్టాలి. ఆయన బయటికి వచ్చాక బాకీ అలాగే ఉంటుంది గానీ, అదే డిక్రీకి మళ్ళీ అరెస్టు చేయించలేరు. నా అభిప్రాయం అడిగితే, మీ కేసులో ఇది ఆఖరున వాడాల్సిన దారి. గిఫ్ట్ డీడ్ సాక్ష్యం చేతిలో ఉంది కాబట్టి అవసరమైతే నిలబడుతుంది కూడా. కానీ ముందే వాడితే ఆ మూడు నెలలు గడిచాక మీ చేతిలో ఇక ఏమీ మిగలదు, ఊరంతా జాలి ఆయన వైపు పోతుంది.

మీ బాబాయి ప్లాటు వ్యవహారం దీనికి పూర్తిగా వేరు. అక్కడ అడిగేది డబ్బు కాదు, ఆయన తన చేష్ట ఆపాలి. ఇది తుది డిక్రీ కాబట్టి ఆర్డర్ 21 రూల్ 32 కింద ఈపీ వేయాలి. కేసు నడుస్తుండగా వచ్చిన తాత్కాలిక ఇంజంక్షన్‌ను మీరినట్లయితే ఆర్డర్ 39 రూల్ 2ఏ. ఈ తేడా తెలియక తప్పుడు పిటిషన్ వేసి రెండేళ్ళు పోగొట్టుకున్న కేసులు నా దగ్గరికి వచ్చాయి. రూల్ 32లో ఆయన ఆస్తి జప్తు చేయొచ్చు, సివిల్ జైలుకు పంపొచ్చు. వాటికంటే మీకు కావలసింది ఐదో సబ్ రూల్: ఆయన మీరి చేసిన పనిని కోర్టు తన మనిషితో సరిచేయించి, ఖర్చు ఆయన దగ్గర వసూలు చేయొచ్చు. "చేయొద్దు అన్న డిక్రీకి ఇది వర్తించదు" అని ఒకప్పుడు వాదించేవాళ్ళు. 2002లో చట్టానికి వివరణ చేర్చి ఆ సందేహం తీర్చారు. అంటే ఆ గోడను కోర్టే తీసేయించగలదు. కాకపోతే, డిక్రీ తెలిసి, పాటించే అవకాశం ఉండి, కావాలనే మీరాడని చూపాలి. కాబట్టి ఈ రోజే గోడ ఫొటోలు తీయించండి, తేదీ పడేలా. అడ్వకేట్ కమిషనర్‌ను (స్థలం చూసి రిపోర్టు ఇచ్చే వకీలును) వేయమని కోర్టును అడిగి కొలతలు రాయించండి. గోడ మీ హద్దులో ఎన్ని అడుగులు ఉందో తేలకపోతే ఏ జడ్జీ గడ్డపార వేయమనడు. శాశ్వత ఇంజంక్షన్‌కు పన్నెండేళ్ళ గడువు లేదు, మీరినప్పుడల్లా వెళ్ళొచ్చు.

పోలీసులు సివిల్ మ్యాటర్ అన్నారని కోపం వద్దు. ఆర్డరులో తమకు ఆదేశం లేనిదే వాళ్ళు హద్దుల గొడవలో దిగకపోవడం ఒక రకంగా మంచిదే. ఎవరికి పలుకుబడి ఉంటే వాళ్ళ వైపు గోడ లేచే రోజులు మా పెద్దలు చూశారు. పోలీసు సాయం కావాలని ఈపీ కోర్టులోనే విడిగా పిటిషన్ వేయండి. ఆ ఆర్డరు తీసుకొని స్టేషన్‌కు వెళ్తే వాళ్ళే జీపు ఎక్కి వస్తారు.

కోర్టు ధిక్కారం ఎందుకు వద్దంటున్నానో చెప్తాను. 1971 కోర్టు ధిక్కార చట్టం కింద కావాలని ఆర్డరు మీరితే ఆరు నెలల జైలు, 2000 వరకు జరిమానా వేయొచ్చు, ఏడాదిలోపే వెళ్ళాలి. కింది కోర్టు ఆర్డరు మీద ధిక్కారాన్ని విచారించేది హైదరాబాద్‌లోని హైకోర్టు. డబ్బు డిక్రీ పట్టుకొని అక్కడికి వెళ్తే "ఈపీ వేసుకోవచ్చు కదా" అని వెనక్కి పంపుతారు. ధిక్కారం కోర్టు గౌరవానికి సంబంధించింది, మీ బాకీ వసూలుకు యంత్రం కాదు. అది బాగా పనిచేసేది ప్రభుత్వ అధికారుల మీద. రిట్‌లో (ప్రభుత్వం మీద హైకోర్టులో వేసే పిటిషన్‌లో) వచ్చిన ఆర్డరును ఫైలు కింద పెట్టిన అధికారికి హాజరు కమ్మని పిలుపు వస్తే, నెలల తరబడి కదలని కాగితం రెండు రోజుల్లో కదులుతుంది.

ప్రభుత్వం పేరు వచ్చింది కాబట్టి ఇది చెప్పకుండా ఉండలేను. అన్నిటికంటే మొండి బాకీదారు చాలాసార్లు ప్రభుత్వమే. మా దగ్గర కాలువల కింద భూములు పోయిన రైతులు వందల మంది. పరిహారం పెంచుతూ కోర్టు డిక్రీ ఇస్తుంది, డబ్బు రాదు. ప్రభుత్వం మీద అయితే డిక్రీ తేదీ నుంచి మూడు నెలలు ఆగాకే అమలు అడగాలి. అలా ఆగి, ఇంకో నాలుగేళ్ళు ఆగి, చివరికి ఒక రెవెన్యూ ఆఫీసు జీపు, కంప్యూటర్లు, కుర్చీలు జప్తు చేయమని ఆర్డరు తెచ్చాం. అమీన్ కుర్చీలు లెక్కపెడుతుంటే, ఆ భూమి పోగొట్టుకున్న రైతు గుమ్మం బయటే నిలబడ్డాడు. లోపలికి రమ్మంటే రాలేదు. "నా భూమి తీసుకున్నప్పుడు ఇదే ఆఫీసులో నన్ను కూర్చోమనలేదు సార్" అన్నాడు. పదిహేను రోజుల్లో చెక్కు కోర్టులో జమైంది. జీపు విలువ బాకీలో పదో వంతు కూడా ఉండదు. పనిచేసింది దాని విలువ కాదు, ఆఫీసు ముందు నిలబడ్డ కోర్టు మనిషి.

భార్యాపిల్లల మనోవర్తి అయితే దారి ఇంకా గట్టిది: ఇప్పుడు భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (బీఎన్ఎస్ఎస్) సెక్షన్ 144 కింద బాకీ పడ్డ ఒక్కో నెలకు నెల రోజుల వరకు జైలు వేయొచ్చు. ఏడాదిలోపు అడగాలి. మీకు సంబంధం లేదు గానీ చదివేవాళ్ళలో ఎవరికైనా పనికొస్తుంది.

కబ్జా ఇప్పించే డిక్రీల్లో జరిగేదొకటి చెప్తాను, మీ బాబాయికి గోడ తీసే రోజున ఉపయోగపడుతుంది. కాజీపేట దగ్గర ఒక ఇల్లు ఖాళీ చేయించడానికి అమీన్‌తో, ఇద్దరు కానిస్టేబుళ్ళతో వెళ్ళాం. లోపల ఒక తల్లి, ఇంటర్ పరీక్షలు రాస్తున్న కూతురు. ఆ పిల్ల హాల్ టికెట్ తెచ్చి చూపించింది, ఇంకా మూడు పరీక్షలున్నాయి. నా క్లయింటే "వారం ఆగుదాం సార్" అన్నాడు. అమీన్ అలాగే రిపోర్టు రాశాడు. వారం తర్వాత వెళ్తే ఇంటికి కొత్త తాళం, గుమ్మంలో కొత్త మనిషి. కిరాయికి ఉంటున్నానంటూ ఒక అగ్రిమెంటు చూపించాడు. ఆర్డర్ 21 రూల్ 97 కింద అడ్డంకి తొలగించమని పిటిషన్ వేసి, ఆ అగ్రిమెంటు నిన్నటిదని తేల్చేసరికి పద్నాలుగు నెలలు పట్టింది. ఆ విచారణంతా అదే కోర్టు చేస్తుంది, కొత్త దావా అక్కర్లేదు, అదొక్కటే ఊరట. ఆ వారం ఇచ్చినందుకు నా క్లయింటు ఎప్పుడూ బాధపడలేదు, నేనూ బాధపడను. కానీ అప్పటి నుంచి గడువు ఇవ్వాల్సి వస్తే, ఇంకెవరినీ లోపల పెట్టబోమని కోర్టులోనే రాతపూర్వకంగా హామీ తీసుకుంటున్నాను.

ఎంతకాలం పడుతుందని అడిగారు. ఈపీలను ఆరు నెలల్లో తేల్చాలని, తేల్చలేకపోతే కారణం రాయాలని సుప్రీంకోర్టు 2021లో చెప్పింది. 2025 మార్చిలో మళ్ళీ చెప్పి, హైకోర్టుల నుంచి లెక్కలు అడిగింది. ఆ ఏడాది అక్టోబర్‌కు వచ్చిన లెక్క ప్రకారం దేశంలో 8.82 లక్షల ఈపీలు పెండింగ్‌లో ఉన్నాయి. భారతదేశంలో కక్షిదారు కష్టాలు డిక్రీ వచ్చాకే మొదలవుతాయని బ్రిటిష్ కాలంలో మనకు ఆఖరి అప్పీలు కోర్టైన లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ 1872లో అన్నది. నూట యాభై ఏళ్ళు దాటాక కూడా ఆ మాట నిజంగా ఉండటం మనందరికీ, నాలాంటి వకీళ్ళతో సహా, సిగ్గుచేటు. అయినా ఆ 2021 తీర్పు కాపీని మీ ఈపీకి జతచేయించండి. వాయిదా అడిగినప్పుడల్లా జడ్జీగారికి గుర్తుచేసే ఆధారం అది. నా అనుభవంలో, ఆస్తి వివరాలు సరిగా ఉన్న డబ్బు ఈపీ ఏడాదిన్నరలో ఒక కొలిక్కి వస్తుంది. బత్తా (నోటీసులు పంపడానికి కోర్టుకు కట్టే రుసుము) సకాలంలో కట్టకపోవడం, చిరునామా తప్పు రాయడం, సర్వే నంబరులో ఒక అంకె మారడం, వీటివల్ల పోయే వాయిదాలే ఎక్కువ. అవి మన చేతిలో ఉన్నవి.

ఇంకొక చిక్కు. 2022 జూన్ 2 నుంచి జ్యుడీషియల్ జిల్లాలు కొత్తగా ఏర్పడ్డాయి. మీ డిక్రీ అంతకుముందుది. ఆ ఫైలు ఇప్పుడు ఏ కోర్టు రికార్డు రూములో ఉందో ముందు కనుక్కోండి. ఆయన ఇల్లు గానీ పొలం గానీ ఆ కోర్టు పరిధి బయట ఉంటే డిక్రీని అక్కడి కోర్టుకు బదిలీ చేయించుకోవాలి, పరిధి దాటి జప్తు చేసే అధికారం కోర్టుకు లేదు.

వకీలు దగ్గరికి వెళ్ళేటప్పుడు డిక్రీ, తీర్పు సర్టిఫైడ్ కాపీలు, పొలం పాసుబుక్ వివరాలు, ఇంటి ఈసీ (ఆస్తి లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్), గిఫ్ట్ డీడ్ కాపీ (సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో దరఖాస్తు పెడితే ఇస్తారు), బ్యాంకు వివరాలు తీసుకెళ్ళండి. రూల్ 41 పిటిషన్, ఇంటి జప్తు రెండూ ఒకేసారి వేయమని అడగండి. అరెస్టు ఇప్పుడు అడగొద్దు.

నోటీసు అందాక ఆయన తప్పకుండా రాజీకి వస్తాడు, లక్ష చేతిలో పెట్టి మిగతాది ఉగాదికి అంటాడు. తీసుకోండి, కానీ బ్యాంకు ద్వారా తీసుకోండి. తీసుకున్నంత మేర కోర్టులో మెమో వేసి రికార్డు చేయించండి. కోర్టు బయట ఇచ్చిపుచ్చుకొని రికార్డు చేయించని సొమ్మును ఈపీ కోర్టు లెక్కలోకి తీసుకోదు. కాబట్టి ఇది ఆయనకూ రక్షణే, రేపు మీ మీద "అంతా ఇచ్చేశాను" అనే నింద పడకుండా మీకూ రక్షణే. మిగతాది కిస్తీల్లో అంటే లోక్ అదాలత్‌లో రాయించుకోండి. ఆ అవార్డు కూడా డిక్రీతో సమానమే, దాని మీద అప్పీలు ఉండదు. ఒక్క కిస్తీ తప్పితే మొత్తం ఒకేసారి కట్టాలనే వాక్యం అందులో ఉండేలా చూసుకోండి, మాటల్లో ఒప్పుకుంటే సరిపోదు. ఈపీని మాత్రం చివరి కిస్తీ మీ ఖాతాలో పడేదాకా మూయించొద్దు.